వేడర్స్ ఆరేసే చోటు

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మా ఆయన ముందుగా దాచేది నా వేడర్స్‌ని. సోఫా మీద మడత పెట్టని బట్టల కుప్ప ఉన్నా ఫరవాలేదు, సింకు నిండా గిన్నెలున్నా ఫరవాలేదు. గరాజ్‌లో తలకిందులుగా వేలాడే ఆ ప్యాంటు మాత్రం ఎవరి కంటా పడకూడదు. ఒకసారి ఆయన స్నేహితుడు చూసి అదేమిటని అడిగితే, "ప్లంబర్ మర్చిపోయి వెళ్ళాడు" అని చెప్పేశాడు. పకోడీల పళ్ళెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది.

వేడర్స్ అంటే పాదాల నుంచి గుండెల దాకా వచ్చే, నీళ్ళు దూరని ప్యాంటు. అది తొడుక్కుని కొండ ఏట్లో నడుము లోతు దిగి, ఈకా దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగుతో ట్రౌట్ చేపల్ని పట్టడం నా సరదా. ఆఫీస్ వాళ్ళతో ఒకసారి కొండలకి వెళ్ళినప్పుడు పట్టుకుంది, ఇక వదల్లేదు. మేముండే క్యారీ ఊరి నుంచి అక్కడికి నాలుగు గంటల డ్రైవ్. పట్టిన చేపని కాసేపు చూసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాను. గోదావరి జిల్లాలో పుట్టిన మా ఆయనకి ఈ ఒక్క ముక్కే మింగుడుపడదు.

"పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు. నువ్వేంటే, అంత దూరం డ్రైవ్ చేసి, పట్టుకుని, వదిలేసి వస్తావు?" అంటాడు.

"తినడానికే అయితే స్టోర్‌కి వెళ్ళి ఫ్రోజెన్ తెచ్చుకోనూ?" అంటాను నేను.

మొదటిసారి నూలు మేజోళ్ళూ జీన్సూ వేసుకుని, అద్దెకి తెచ్చిన వేడర్స్‌లో దిగాను. లోపల పట్టిన చెమటకి నూలంతా తడిసి, మధ్యాహ్నానికి పళ్ళు టకటకలాడాయి. అప్పట్నుంచి లోపల ఉన్నిదే. సొంతానికి వేడర్స్ కొనడం ఇంకో కథ. ఆడవాళ్ళ సైజని పెట్టినవన్నీ తాటిచెట్టంత మనుషులకి కుట్టినవే. నేను చూస్తే పొట్టి, పైగా కాస్త ఒళ్ళు చేసినదాన్ని. ఒక్కోటీ తొడుక్కుని షాపులో నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అలా కూర్చున్నప్పుడు మోకాలి దగ్గరా కూర్చునే చోటా బిగుసుకోకపోతే, రాళ్ళు ఎక్కి దిగినా కుట్లు ఊడవు. షాపమ్మాయి వింతగా చూసింది. చూడనీ, ఇప్పటిదాకా ఒక్క కుట్టు కదల్లేదు.

కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. ఇంటికి రాగానే ముందు పైభాగం, తర్వాత తిరగేసి లోపలిభాగం ఆరబెట్టాలి. ఎండ తగలకూడదు. మా అమ్మ పట్టుచీరల్ని ఆరేసిన పద్ధతే. తడి మీద మడిచిపెడితే అంతే సంగతులు. మా ఆయన చేసింది సరిగ్గా అదే. ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా ఎవరో వస్తుంటే, తడివాటిని చుట్టచుట్టి మెట్ల కింది క్లోజెట్‌లో కుక్కేశాడు. వారం తర్వాత తీస్తే గుప్పున ముక్కవాసన, లోపలంతా నల్లటి మచ్చలు. నిమ్మళంగా రుద్ది కడుక్కున్నాను గానీ, ఆయన్ని మాత్రం నిమ్మళంగా కడగలేదు. ఆయన క్రికెట్ బ్యాట్‌కి హాల్లో గోడ మీద చోటుంది. నా సామాను ఇంటికి సిగ్గుచేటయింది. ఇంట్లో నాకు కావలసింది ఒక్క కొక్కెం, అదీ నలుగురి ముందూ.

ఆ ఏడు దసరాకి పూజగదిలోకి వెళ్ళి నిలబడిపోయాను. ఏటా పెట్టే కారు తాళాలూ లాప్‌టాప్‌లూ కూరగాయల కత్తీ పక్కన, చేపలు పట్టే నా రాడ్డూ, గాలం లైను చుట్టి ఉండే రీలూ ఉన్నాయి. రాడ్డు కార్క్ పిడి మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. కార్క్‌కి అంటిన కుంకుమ జన్మలో పోదు. పోకపోతేనేం అనిపించింది. మా ఆయన్ని అడిగితే, "ఆయుధాలన్నీ పెట్టాలి కదా" అని హారతి వెలిగించుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

నవంబర్‌లో, దసరా తర్వాత నా మొదటి ట్రిప్‌కి, ఏ బుద్ధి పుట్టిందో, "నేనూ వస్తా, ఏం చేస్తావో చూస్తా" అని బయల్దేరాడు. గట్టు మీద మడత కుర్చీ వేసుకుని ఫ్లాస్క్‌లో టీ తాగుతూ కూర్చున్నాడు. నీళ్ళు ఐసులా ఉన్నాయి. కాసేపటికి మంచి బరువైన చేప పడింది. పడగానే దిగువకి పరుగు తీసింది. అది లాగినకొద్దీ రీలు తిరిగి లైను వదలాలి. రీలు తిరగలేదు. లైను బిగిసి పుటుక్కున తెగింది, చేప పోయింది.

గట్టెక్కి రీలు విప్పాను. లోపలంతా ఏదో చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. కొబ్బరినూనె వాసన.

"ఏమండీ, ఇదేంటి?"

"పూజ రోజు నేనే రాశాను. ఆయుధానికి నూనె రాయకుండా ఎలా పెడతాం?" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "తలకి రాసేదే రాశాను, మంచిదని" అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టు వెనక్కి వెళ్ళిపోయింది. నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. రీలు తీసుకుని, జాకెట్ లోపల చంకలో పెట్టుకుని, నూనె కరిగేదాకా చలికి వణుకుతూ కూర్చున్నాడు. కరిగాక తన జేబురుమాలుతో శుభ్రంగా తుడిచిచ్చాడు. సాయంత్రానికి అరచేయంత ట్రౌట్ ఒకటి దొరికింది. చెయ్యి తడుపుకుని పట్టుకోమని చెప్పి, ఆయన చేతే వదిలించాను. "పులుసుకి కూడా చాలదు" అన్నాడు గానీ, అది వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

తిరిగొచ్చిన మర్నాడు మా ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్. నేను వంటింట్లో పులిహోర కలుపుతుంటే బెల్ మోగింది. వేడర్స్ గుర్తొచ్చి, ఏ మూల కుక్కాడో అని చేతులు తుడుచుకుంటూ హాల్లోకి పరుగెత్తాను. క్రికెట్ బ్యాట్ సోఫా మీద ఉంది. బ్యాట్ ఉండే కొక్కేనికి నా వేడర్స్ వేలాడుతున్నాయి, లోపలిభాగం పైకి తిప్పి, కింద నీళ్ళు పడకుండా పాత తువ్వాలు పరిచి. లోపలికి వచ్చింది ఆ ప్లంబర్ కథ విన్న స్నేహితుడే. వాటిని పట్టుకు చూడబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకు, ఇంకా ఆరలేదు. మా ఆవిడవి."