పావురాలు దిగని శుక్రవారం

ఫ్యాను కొనుక్కొస్తానని ధామన్‌కర్ నాకా వైపు వెళ్ళిన మా ఆయన, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో నాలుగు పావురం పిల్లల్ని పట్టుకొచ్చాడు. ఇల్లు మరవని జాతి అట. ఎంత దూరం తీసుకెళ్ళి వదిలినా తిరిగి గూటికే వస్తాయట. చెప్పిన వస్తువు తేవడం మరిచిపోయే మనిషికి ఇల్లు మరవని పక్షులెందుకని దెప్పాను. ఆ ఎండాకాలమంతా విసనకర్రతోనే గడిపాం.

భివండీలో మా ఇల్లు మరమగ్గాల మీదే ఉండేది. వాటిని మేం సాంచాలంటాం. కింద షెడ్డులో సాంచాలు, పైన మా గది, గది ముందు చిన్న డాబా. రాత్రింబగళ్ళు నేల అదురుతూ ఉండేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో గ్లాసులో నీళ్ళు వణకడం చూసి భయపడ్డాను. కొన్నాళ్ళకు నీళ్ళు వణక్కపోతే భయం వేసేది.

మా అత్త పోయి అప్పటికి కొన్ని నెలలైంది. మామ తిండి మానేశాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. మాటలు కూడా తగ్గిపోయాయి. డాక్టరు రోగమేమీ లేదన్నాడు. రోగమేమీ లేని మనిషి మా కళ్ళ ముందే పుల్లలా అయిపోయాడు.

పావురాలు వచ్చిన తర్వాత మామ వెళ్ళి డాబా మీద వాటికి పెట్టిన పంజరం పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. వాటికి సజ్జలు వేసి, అవి ముక్కులతో ఏరుకుంటుంటే తన కంచం తెమ్మని నాకు సైగ చేసేవాడు. అవి తిన్నంతసేపూ తినేవాడు. అవి ఆపితే ఆపేవాడు. నాకు సంతోషమూ కలిగేది, ఒళ్ళూ జలదరించేది. అప్పటినుంచి పావురాలను ఒక్క మాట అనలేదు. అవి ఉన్నన్నాళ్ళే మామ ఉంటాడన్న భయం నన్ను పట్టుకుంది.

పెంపకం మాకేం తెలుసు? మొదట్లో అన్నం పెడితే పచ్చగా పారుకున్నాయి. షెడ్డులోంచి లేచే నూలు పొట్టు నీళ్ళ గిన్నె మీద మీగడలా తేలేది. ఒక పిల్ల ముక్కు మూసుకుపోయి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే గానీ నాకు ఆ సంగతి తట్టలేదు. తర్వాత నీళ్ళు పూటపూటకూ మార్చాను, పంజరానికి తడిగుడ్డ కట్టాను. పిల్లల్ని అమ్మిన నిజాంపురా పెద్దాయన మా ఆయనకు రెండు ముక్కలు చెప్పాడు. కొన్ని వారాలు పంజరంలోంచే ఇల్లు చూసుకోనివ్వాలి. మొదటిసారి వదిలేటప్పుడు మాత్రం ఆకలి మీద, గోల లేని పూట వదలాలి.

గోల లేని పూట అంటే మాకు తెలిసింది శుక్రవారమే. ఆ రోజు మా వైపు కరెంటు ఉండదు, గల్లీ మొత్తం సాంచాలకు సెలవు. ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాం.

పొద్దున్నే మా ఆయన పంజరం తలుపు తీశాడు. నాలుగూ ఒక్కసారిగా లేచాయి. వాటి రెక్కల చప్పుడు నేను వినడం అదే మొదలు, అంతవరకూ పంజరంలో వాటికి రెక్కలు విప్పే చోటే లేదు. గల్లీ మీద చుట్టు తిరిగాయి. డాబా దాకా దిగి, మామ చేతిలోని సజ్జల డబ్బా చప్పుడు విని, మమ్మల్ని చూసి, మళ్ళీ పైకి పోయాయి. ఎండెక్కినా అదే తీరు. దిగడం, చూడడం, పోవడం. దగ్గరికొచ్చినప్పుడు వాటి కళ్ళు కనిపించేవి. మా ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు చూస్తున్నాయి.

నిజాంపురా పెద్దాయనను తీసుకొస్తానని మా ఆయన పరుగెత్తాడు. మామ డబ్బా ఊపుతూనే ఉన్నాడు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

పక్క గదిలో ఉండే అక్క చంటిపిల్లను ఎత్తుకుని డాబా మీదికి వచ్చింది. వాళ్ళు మా జిల్లావాళ్ళే, క్రైస్తవులు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"పాపకేమైందక్కా?" అన్నాను.

"శుక్కురారమొస్తె గిట్లనే చెల్లె. సాంచాలు బందైతె లేసి ఏడుస్తది. నన్ను గూడ కొత్తదాన్ని చూసినట్టు చూస్తది. ఇల్లే గుర్తువట్టది."

డబ్బా చప్పుడు ఆగింది. నేను పావురాల వైపు చూశాను. అవి కళ్ళతో చూసుకున్న ఇల్లు ఇక్కడే ఉంది, చెవులతో విన్న ఇల్లు లేదు. మళ్ళీ తిరిగి చూసేసరికి మామ మెట్లు దిగి పోతున్నాడు.

కాసేపటికి కింద షెడ్డులోంచి ఒక చప్పుడు. ఠక్. చాలాసేపటి తర్వాత ఇంకోటి. తర్వాత వెంటవెంటనే. గల్లీలో జనం గుమ్మాల్లోకి వచ్చారు.

"కరెంటు లేకుంట సాంచ ఎట్ల నడుస్తది?" అన్నారెవరో. ఎవరూ దగ్గరికి రాలేదు. పక్క గది అక్క మెడలోని శిలువ పట్టుకుని "యేసయ్యా" అంది. ఆమె చంకలో పిల్ల ఏడుపు ఆపేసింది.

పావురాలు కిందికి దిగాయి. ఈసారి మా వైపు చూడనైనా చూడలేదు. ఒకదాని వెనక ఒకటి డాబా గోడ మీద వాలి, నడుచుకుంటూ పంజరంలోకి వెళ్ళాయి. పంజరం తలుపు వేసి కిందికి పరుగెత్తాను.

షెడ్డంతా చీకటి. ఆగిపోయిన సాంచాల నడుమ మామ ఒక సాంచ చక్రాన్ని రెండు చేతులతో తిప్పుతున్నాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"మామా, దిగినయ్! నాలుగూ దిగినయ్. ఇగ ఆపుండ్రి."

ఆయన ఆపలేదు. తలుపు వైపే చూస్తున్నాడు.

"ఆగు బిడ్డా," అన్నాడు. అన్ని నెలల్లో అంత స్పష్టంగా మాట్లాడడం అప్పుడే విన్నాను. "మీ అత్తను తీస్కపోయిననాడు గూడ గల్లీ మొత్తం సాంచాలు బంద్ పెట్టిన్రు. ఆమెకు ఇల్లెట్ల దొరుకుతది?"

నాకు భయం వేసింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. అత్త రాదని చెప్పాలనుకున్నాను. పక్క సాంచ దగ్గరికి వెళ్ళి, దాని చక్రం పట్టుకుని నేనూ తిప్పడం మొదలుపెట్టాను.