కారం మానేసిన ఓనరమ్మగారు

మా ఓనరమ్మగారు పోయారన్న కబురు పంతులుగారు తెచ్చారు. కింద వెనక వాటాలో ఉండే పురోహితుడు ఆయన. మోకాళ్ళ నొప్పులు ఉండటంతో ఏదైనా చెప్పాలంటే మెట్ల దగ్గర నిలబడి పిలుస్తారే తప్ప పైకి రారు. ఆ పొద్దున ఎక్కి వచ్చారు. గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుని, "అమ్మాయ్, ఆసుపత్రి నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది. తెల్లవారుతుండగా పోయారట" అన్నారు. ఆయన గొంతు తగ్గించి, "ఇక మన సంగతీ అయిపోయినట్టే" అన్నారు. అనేసి, అనకూడనిది అన్నట్టు లెంపలేసుకున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. నాకూ కన్నీళ్ళకంటే ముందు ఆ ఆలోచనే వచ్చింది.

అద్దె ఇళ్ళలో వయసు మళ్ళినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలి.

బ్రాడీపేటలో ఆ ఇల్లు ఓనరమ్మగారి భర్తా, ఆయన తమ్ముడూ పత్తి వ్యాపారం బాగా సాగిన రోజుల్లో కట్టించారు. కిందా పైనా వాటాలు. ముందు వాటాలో ఆవిడ. పిల్లల్లేరు. భర్త పోతూ ఆస్తి తమ్ముడి కొడుకుల పేర రాసి, ఆవిడ బతికున్నంత కాలం ఇల్లు ఆవిడ అధీనంలో ఉండాలనీ, ఆవిడ సంతకం లేకుండా అమ్మకూడదనీ రాశారు. అంటే ఆవిడకి ఇల్లు ఉంది, కానీ ఎవరికీ రాసివ్వటానికి లేదు. ఈ చిన్న సంగతి మీదే మా బతుకులు నిలబడ్డాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం. అక్కయ్యకి భర్త పోయాడు, నేను పెళ్ళి చేసుకోలేదు, బడిలో సోషల్ చెప్పేదాన్ని. అక్కయ్యకి చూపు తగ్గిపోతున్న రోజుల్లో ఇల్లు వెతుక్కుంటూ ఆ వీధికి వచ్చాం. అప్పటికి చాలా గుమ్మాలు తిరిగాం. మగదిక్కు లేదని కొందరు, కళ్ళు కనపడని మనిషి మెట్ల మీద పడితే ఎవరు చూస్తారని కొందరు. ఓనరమ్మగారు మమ్మల్ని పైనుంచి కిందకి చూసి ఒక్కటే అడిగారు.

"మోటారేసి మర్చిపోతారా?"

"లేదండీ."

"అయితే సామాన్లు తెచ్చుకోండి. గోడలకి మేకులు కొట్టారంటే మాత్రం ఊరుకునేది లేదు."

ఊరుకోలేదు కూడా. నేనో క్యాలెండరు తగిలించుకోవటానికి చిన్న మేకు కొడితే, కింద నుంచి వీధి అంతా వినపడేలా అరిచారు. "ఏమ్మా టీచరమ్మా, నా ఇంటికి చెవులు కుట్టిస్తన్నావా?" ఆవిడది చిలకలూరిపేట అవతల మెట్ట ఊరు, మిరపతోటల మధ్య పెరిగిన గొంతు. రహస్యం చెప్పినా పక్కింటికి వినపడేది. ఏటా మాఘమాసంలో పుట్టింటి నుంచి టిక్కీ, అంటే పెద్ద గోనెబస్తా నిండా మిరపకాయలు దిగేవి. డాబా మీద ఆరబోసి, తలకి తువ్వాలు చుట్టుకుని తొడిమలు తీస్తూ కూర్చునేవారు. ఇల్లంతా తుమ్ములే. పంతులుగారు జపం మధ్యలో తుమ్మి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. ఆవిడ ఒక్కరే తుమ్మేవారు కాదు. పండుమిరపకాయ పచ్చడి లేకుండా ముద్ద దిగేది కాదు ఆవిడకి. మజ్జిగన్నంలోకి కూడా అదే.

పంతులుగారి తల్లి ఆ ఇంట్లోనే పోయారు. అద్దె ఇంట్లో చావంటే ఏమిటో మీకు తెలుసు. శవాన్ని గుమ్మం బయట పెట్టమంటారు, తర్వాత ఇల్లు ఖాళీ చేయమంటారు. పంతులుగారు ముందే సిద్ధపడి, వీధిలో టెంటు వేయించుకుంటామమ్మా అని అడగటానికి వెళ్ళారు. ఆవిడకి కోపం వచ్చింది.

"వీధిలో ఏందయ్యా? ఆవిడేమన్నా వీధిలో మనిషా? తీసకొచ్చి నా హాల్లో పడుకోబెట్టండి. ఇంట్లో పుడితే లేని తప్పు పోతే ఎట్టా వచ్చింది?"

ఆ రోజంతా శవం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ముసలావిడ గురించి తనే చెప్పారు. పంతులుగారి భార్య ఆ ఒక్క రోజు గురించి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

చుట్టూ ఇళ్ళు ఒకటొకటే పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నప్పుడు, మా మీదకీ ఆ గాలి వచ్చింది. మరిది పెద్ద కొడుకు చెడ్డవాడు కాదు. మమ్మల్ని ఎప్పుడు చూసినా నమస్కారం పెట్టేవాడు. "పెద్దమ్మా, స్లాబు పెచ్చులూడుతోంది. ఈ అద్దెలతో సున్నం కూడా వేయించలేం. డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం" అన్నాడు. ఒకరోజు బిల్డరుని వెంటపెట్టుకొచ్చాడు. బిల్డరు హాల్లో ప్లాను పరిచాడు. ఆవిడ మమ్మల్నీ పంతులుగారినీ పిలిపించి కూర్చోబెట్టారు.

"అన్నీ అమ్మకానికేనమ్మా. అద్దెల తలనొప్పి ఉండదు. ఎవరి ఫ్లాటు వాళ్ళ పేరు మీద" అన్నాడు బిల్డరు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ప్లాను మీద వేలు తిప్పారు. "పంతులుగారి వాటా ఏదయ్యా ఇందులో? టీచరమ్మ వాళ్ళదేది?"

"కొనుక్కుంటే ఏదైనా వాళ్ళదేనమ్మా" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "నా సంతకం గదా మీకు కావాల్సింది. ఇప్పుడే పెడతా. వీళ్ళు బతికున్నన్నాళ్ళు ఉండటానికి రెండు వాటాలు కాగితం మీద రాసియ్యండి. వీళ్ళ తర్వాత మీరే తీసుకోండి. నాకేం వద్దు."

మనుషులున్న ఫ్లాటు ఎవరూ కొనరనీ, బ్యాంకులు లోను ఇవ్వవనీ బిల్డరు ఓపిగ్గా చెప్పాడు. పెద్దబ్బాయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నా మాట నమ్ము. నువ్వున్నంత కాలం వీళ్ళనెవరూ కదిలించరు."

"నేనున్నంత కాలం కాదురా. వాళ్ళున్నంత కాలం."

అతను చెయ్యి వదిలేసి ప్లాను చుట్టుకోవటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆవిడతో వాదించలేదు. వాదించాల్సిన పని ఏముంది, ఎదురుచూస్తే చాలు. పక్క వాటాల్లో ఉన్న చిన్న వయసువాళ్ళు ఖాళీ చేసి వెళ్తే, పెచ్చులూడే ఆ ఇంట్లోకి మళ్ళీ ఎవరూ అద్దెకి రాలేదు. తాళాలు పడ్డాయి. సాయంత్రం అయితే ఇంట్లో మా నలుగురి దగ్గులూ ఆవిడ గొంతూ తప్ప ఏమీ వినపడేది కాదు.

నేనూ పంతులుగారూ కలిసి ఒక ప్లీడరు దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, "ఆవిడ మాటకి ఆవిడున్నన్నాళ్ళే విలువండీ. తర్వాత కోర్టుకెళ్తే కొన్నాళ్ళు లాగొచ్చు. ఈ వయసులో మీరు లాగగలరా?" అన్నాడు. మమ్మల్ని మోసం చేయకుండా నిజం చెప్పినందుకు దణ్ణం పెట్టి వచ్చేశాం.

అప్పుడే ఆవిడకి కాళ్ళు వాచటం మొదలైంది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఉప్పు తగ్గించాలి, కారం, పచ్చళ్ళు పూర్తిగా మానేయాలి. ఆవిడ మాట వింటారని మేమెవరమూ అనుకోలేదు. ఇంటికి రాగానే పచ్చడి జాడీలు రెండూ పనిమనిషి చేత పంతులుగారి వాటాలోకి పంపించేశారు. ఆ మాఘమాసంలో టిక్కీ రాలేదు. వద్దని తనే పుట్టింటికి ఫోను చేసి చెప్పారట. నేను వెళ్ళేసరికి ఉప్పు లేని పెసరపప్పు కలుపుకుని, మందు మింగుతున్నట్టు కళ్ళు మూసుకుని తింటున్నారు.

"ఎట్టా తింటన్నారమ్మా?" అన్నాను, ఆవిడ మాటలోనే.

"నేను పోతే మీకు ఇల్లు పోద్ది. బతకాలి గదా" అన్నారు. కందిపప్పు ధర చెప్పినంత మామూలుగా అన్నారు.

నేను పైకి వచ్చేశాను. తన కోసం తను బతకటం వేరు, మన కోసం ఒకరు చప్పిడి మెతుకులు తింటూ బతకటం వేరు. ఆ అన్నం చూసిన రోజు నుంచి నాకూ కారం సరిగా సహించలేదు.

మేం కూడా చేయగలిగింది చేశాం. అక్కయ్య తడుముకుంటూ కిందకి దిగి ఆవిడ కాళ్ళకి నూనె రాసేది. పంతులుగారి భార్య మజ్జిగ తేట తీసి ఇచ్చేది. పంతులుగారు రోజూ మృత్యుంజయ జపం మొదలుపెట్టారు. ఒకరోజు ఆవిడ మంచం మీద నుంచే కేకేశారు.

"పంతులుగారూ, ఈ జపం నా కోసమా, ఇంటి కోసమా?"

ఆయన పంచ సవరించుకున్నారు. "రెంటికీనమ్మా. జపం చేస్తూ అబద్ధం ఆడలేను."

ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వారు. "కానీయండి. ఏదో ఒకటి నిలవాలి గదా."

ఏదీ నిలవలేదు. ఎండలు ముదిరేసరికి ఆసుపత్రిలో చేర్చారు. పెద్దబ్బాయే దగ్గరుండి చూసుకున్నాడు, ఆ మాట చెప్పకపోతే తప్పు. నేను వెళ్ళినప్పుడు డాక్టరు బయట అతనితో, "ఇక ఆవిడకి ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అంటున్నాడు. తలుపు తీసే ఉంది. ఆవిడ విన్నారు. నేను లోపలికి వెళ్ళగానే, "పథ్యం ఎత్తేశారు, విన్నావా టీచరమ్మా" అన్నారు. ఆ గొంతు నా ఒక్కదానికే వినపడింది.

మర్నాడు పంతులుగారింటి నుంచి పచ్చడి తీసుకెళ్ళాను. మెత్తటి అన్నంలో గోరంత కలిపి పెట్టాను. నాలిక మీద కాసేపు ఉంచుకున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కారం తెలీటం లేదమ్మా" అన్నారు. ఇంకో ముద్ద వద్దన్నారు. కాసేపటికి నా చెయ్యి మీద చెయ్యి వేసి, "ఇంకొన్నేళ్ళు లాగుదామనుకున్నా. నా వల్ల కాలేదు" అన్నారు. ఏదో అప్పగించిన పని పూర్తి చేయలేకపోయినట్టు, నా ముఖం చూడకుండా అన్నారు.

పోయాక ఆవిడని ఇంటికి తెచ్చి హాల్లోనే పడుకోబెట్టారు. పంతులుగారే మంత్రం చెప్పారు. గొంతు ఎక్కడా తడబడలేదు గానీ, అంతా అయ్యాక మెట్ల మీద కూర్చుని ఎంత పిలిచినా లేవలేదు.

కర్మ అయిన మర్నాడు పెద్దబ్బాయి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "టీచర్ గారూ, నేను పెద్దమ్మకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను" అన్నాడు. నిజమే, నిలబెట్టుకున్నాడు. "దసరా దాకా ఉండండి. తొందరేం లేదు" అన్నాడు. మా అక్కయ్య కుర్చీలో కూర్చుని అతని గొంతు వచ్చినవైపు ముఖం పెట్టి, "మంచిది నాయనా" అంది. ఇంకేం అంటుంది?

అప్పటి నుంచి ఇల్లు వెతుకుతున్నాను. "ఎంతమంది ఉంటారు?" అని అడుగుతారు. ఇద్దరం అంటే సంతోషిస్తారు. "వయసెంతండీ?" అంటారు. చెప్పాక, ఇల్లు ఇంకెవరికో మాటిచ్చామంటారు. ఒకావిడ మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది. "మా ఇంట్లో ఏదన్నా జరిగితే మళ్ళీ శాంతులూ అవీ చేయించుకోవాలి కదండీ." ఆవిడకి కోపంగా సమాధానం చెప్పాలనుకున్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. ఓనరమ్మగారికైతే ఎన్ని మాటలు వచ్చేవో.

ఆవిడని దేవత అనను. గొడవలు పెట్టుకున్నాం, నీళ్ళ కోసం మాటలూ పడ్డాం. కానీ ఈ ఊళ్ళో మేం బతకటానికి మిగిలిన హక్కు ఏదైనా ఉందంటే అది ఆవిడ ఊపిరే. ఒక చట్టం చేయాల్సిన పనిని ఒక ముసలావిడ ఉప్పు లేని అన్నం తింటూ చేసింది. ఎన్నాళ్ళు చేయగలదు?

పంతులుగారికి ఊరి చివర నల్లపాడులో ఒక గది దొరికింది. నిన్న మధ్యాహ్నం వెళ్ళిపోయారు. ట్రాలీ ఆటోలో ముందు డ్రైవరుకి మాత్రమే చోటు ఉండటంతో, సామాన్ల మధ్య మంచం వేసి దాని మీదే భార్యాభర్తలు కూర్చున్నారు. సందు చివరిదాకా వెనకే నడిచాను. అక్కడ కోచింగ్ సెంటర్లు వదిలారు. రోడ్డు నిండా పిల్లలు, సంచులు, సైకిళ్ళు. ఆటో ఆగిపోయింది. పిల్లలు రెండు పాయలుగా చీలి, కబుర్లు చెప్పుకుంటూ, ఎవరూ తలెత్తి చూడకుండా దాని చుట్టూ నడిచిపోతున్నారు. నడిమధ్యలో, నడివీధిలో, మండుటెండలో ఆ మంచం మీద ఆయన కర్రపట్టుకుని నిటారుగా కూర్చున్నారు. పక్కన ఆయన భార్య చీరకొంగు విప్పి, సగం తన తల మీదా సగం ఆయన తల మీదా కప్పి పట్టుకుంది.