అరటినార ముడి

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధిలో నా పరువు ఎంత శుభ్రంగా ఊడ్చేశారో చెబుతాను వినండి. ఊడ్చింది వాళ్ళే గానీ, చీపురు చేతికిచ్చింది మాత్రం నేనే.

అమలాపురం ట్రాన్స్‌ఫర్ అయిందని తెలుసు కదా. జూనియర్ కాలేజీలో పిల్లలకి సివిక్స్ చెప్తున్నాను. మా ఆవిడ సుజాతది విజయనగరంలో ఉద్యోగం, అందుకని ఆవిడ అక్కడ, నేను ఇక్కడ. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో కాలవ గట్టు మీద ఒక ఇల్లు దొరికింది. నిజం చెప్పాలంటే నేను ఇల్లు చూడలేదు, కిటికీ చూశాను. పడగ్గది కిటికీ తలుపు తీస్తే కింద కాలవ. అవతల గట్టు మీద కొబ్బరి చెట్లన్నీ నీళ్ళలోకి వంగి తమని తాము చూసుకుంటున్నాయి. గుర్రపుడెక్క గుంపొకటి ఊదా పూలు పెట్టుకుని ఎవరూ తోలకుండానే అలా వెళ్ళిపోతోంది. ఇక వంటగది ఎలా ఉంది, నీళ్ళు వస్తాయా అని అడగాలనిపించలేదు. ఈ కిటికీ దగ్గర కూర్చుని బతికేయొచ్చు అనిపించింది.

ఓనరు గారు రాజమండ్రిలో ఉంటారు. తాళాలివ్వడానికి వచ్చిన రోజు నన్ను కిటికీ దగ్గరే నిలబెట్టి అన్నీ చెప్పారు. మొట్టమొదట చెప్పింది ఒకటి. "ఇరుగుపొరుగుతో మాట రానివ్వకండి మేష్టారూ. కిందటాళ్ళని అందుకే ఖాళీ చేయించేను." ఇది మాత్రం బాగా విన్నాను. ఆ తర్వాత కరెంటు తీగ మీదకి ఒక లకుముకి పిట్ట వచ్చి వాలింది.

మీరెప్పుడైనా లకుముకి పిట్టని దగ్గర్నుంచి చూశారా? ఆ నీలం రంగు చూస్తుంటే చెవులు పనిచెయ్యవు. ఓనరు గారు మోటారు గురించి చెబుతున్నారు, మీటరు గురించి చెబుతున్నారు, చెత్త గురించి ఏదో చెబుతున్నారు. నేను ప్రతి మాటకీ "ఆయ్" అంటున్నాను. ఈ 'ఆయ్' అన్న మాట ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. అవునన్నా ఆయ్, సరేనన్నా ఆయ్, వింటున్నానన్నా ఆయే. అంత చిన్న మాటలో అంత మర్యాద ఉంటుందని నాకు తెలీదు. కొత్త చెప్పులేసుకున్న పిల్లాడిలా ఆ రోజంతా అదే మాట వాడుతూ తిరిగాను.

చెత్త గురించి నా చెవిన పడిందేమిటంటే, "పెరటి గేటు దగ్గర పెట్ట..." అంతే. సరిగ్గా అప్పుడే పిట్ట నీళ్ళలోకి దూకింది. మిగతా సగం మాట దాంతోపాటే మునిగిపోయింది.

మా పెరటి తలుపు తీసి నాలుగడుగులు వేస్తే గన్నేరు చెట్టు పక్కన చిన్న చెక్క గేటు ఉంది. దాని అవతల కాలవలోకి దిగే రేవు మెట్లు. ఓహో, ఇదే మన పెరటి గేటు అనుకున్నాను. రోజూ సాయంత్రం చెత్త నల్ల కవర్లో కట్టి ఆ గేటు పక్కన పెట్టేవాణ్ణి. తెల్లారి చూస్తే ఉండేది కాదు. పంచాయతీ వాళ్ళు ఎంత చక్కగా పనిచేస్తున్నారో అని క్లాసులో స్థానిక పరిపాలన పాఠంలో కూడా చెప్పాను.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఆదివారానికి ముందు సోమవారం పొద్దున్న పాలు తెచ్చుకుందామని వీధి గేటు తీస్తే అక్కడొక కవరు ఉంది. బండారులంక చీరల కొట్టు కవరు. ఎవరైనా ఏమైనా పంపించారేమో అని సంబరపడి లోపలికి తెచ్చుకున్నాను. మూతికి అరటినార కట్టి ఉంది. ఆ ముడి చూస్తే విప్పబుద్ధి కాలేదు, అంత పొందిగ్గా ఉంది. విప్పాను. చెత్త.

ఒళ్ళు మండిపోయింది. అద్దెకున్నవాడంటే అంత లోకువా? అయితే ఓనరు గారి మాట గుర్తొచ్చింది. నోరు జారితే కిటికీ పోతుంది. కాబట్టి ఏమీ మాట్లాడకుండా ఆ చెత్తని కూడా మా చెత్తతో కలిపి, సాయంత్రం పెరటి గేటు దగ్గర పెట్టేశాను.

మంగళవారం ఇంకొంచెం పెద్ద కవరొచ్చింది. అదే అరటినార, అదే ముడి. బుధవారం ఇంకా పెద్దది. ప్రతిరోజూ నేను మా చెత్తతో కలిపి పెరట్లో పెడుతున్నాను, ప్రతిరోజూ వీధిలో ఇంకా పెద్ద మూట ప్రత్యక్షమవుతోంది. మీకు ఇక్కడే అర్థమైపోయింది కదా. నవ్వకండి, నాకు కాలేదు.

ఎందుకు కాలేదంటే, అప్పటికి నేను వేరే ఊహలో ఉన్నాను. ఆ చెత్త పెట్టేవాళ్ళెవరో కనుక్కుందామని బుధవారం కాలేజీ నుంచి వచ్చి మూట విప్పి, కిటికీ దగ్గర పేపరు పరిచి చూడటం మొదలెట్టాను. మామిడి టెంకలు, ఒకటో రెండో. ఒక్క మనిషి తినేటన్ని. అల్లం టీ పిప్పి. అడుగంటిన ఉప్మా. జలుబు మాత్రల అట్ట, నేను వేసుకునే కంపెనీవే. పూతరేకుల కాగితాలు, బెల్లంవి, పంచదారవి కావు. నల్ల కవరు ముక్కలు కూడా ఉన్నాయి, నేను వాడే రకమే.

కోపం మెల్లమెల్లగా ఎటో పోయింది. ఈ ఊళ్ళో నాలాంటి మనిషి ఒకడున్నాడు. ఒంటరిగా ఉంటాడు. వంట రాదు. జలుబు మనిషి. బెల్లం పూతరేకులంటే ఇష్టం. ఈ మూడు వారాల్లో నాతో "బాగున్నారాండీ" కంటే ఎక్కువ మాట్లాడినవాళ్ళు లేరు. ఎక్కడో ఓ కిటికీ పక్కన వాడూ ఇలాగే కూర్చుని ఇదే నీళ్ళు చూస్తూ ఉంటాడనిపించింది. చెత్త వెయ్యడం తప్పే. అయినా ముడి ఎంత మర్యాదగా వేశాడో చూడండి. సాయంత్రం ఎండ కొబ్బరాకుల్లోంచి గదిలోకొచ్చి ఆ ఉప్మా మాడు మీద పడుతుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అది కూడా బాగానే కనపడింది.

సుజాతకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే మీలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారన్నమాట. ఆయన్ని కట్టుకున్నావిడ ఎవరో, పాపం" అంది.

గురువారం మూట రెట్టింపైంది. వాళ్ళింటికి చుట్టాలొచ్చారు కాబోలు అనుకున్నాను. పోనీలే, ఒంటరివాడికి నలుగురు వచ్చారని ఒక పక్క ఆనందం కూడా కలిగింది. కానీ శుక్రవారం పాతిక కేజీల బియ్యం సంచీ వచ్చింది. సోమవారం నాటి మామిడి టెంకల వాసన అప్పటికి కిటికీ దాకా చేరింది. కిటికీ మూసుకోవాల్సొచ్చింది. అదిగో, అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ కిటికీ కోసమే కదా ఇన్ని రోజులు నోరు మూసుకున్నాను. అది మూసేశాక ఇక నోరెందుకు మూసుకోవాలి?

శుక్రవారం సాయంత్రం పంచాయతీ సెక్రటరీ గారికి ఫిర్యాదు రాశాను. రెండుసార్లు రాసి, ఘాటు ఎక్కువైందని ఉండ చుట్టి బుట్టలో పడేశాను. మూడోది మర్యాదగా వచ్చింది. మర్నాడు కాలేజీకి వెళ్తూ ఆఫీసులో ఇచ్చాను. సెక్రటరీ గారు పాతికేళ్ళ అమ్మాయి, మా క్లాసు పిల్లల్లాగే ఓపిగ్గా విన్నారు. ఆదివారం పొద్దున్న వస్తానన్నారు.

ఆదివారం ఏడింటికి గోనెసంచీ వచ్చి ఉంది, సెక్రటరీ గారు కూడా వచ్చారు. చెత్త బండి తోలే అతను ఈల ఊదుకుంటూ వెనకాలే వచ్చాడు. ఆ ఈల విని నేను ఉలిక్కిపడ్డాను. మూడు వారాలుగా రోజూ పొద్దున్న మంచం మీద పడుకుని వింటున్న ఈల అది. ఏదో పిట్ట అనుకుంటున్నాను.

పక్కింటి మంగతాయారు గారు కూడా వాళ్ళ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అరవై ఏళ్ళావిడ. మొగుడూ పెళ్ళాలు ఇద్దరే ఉంటారు. ఆయన కొబ్బరి పని మీద రోజూ అంబాజీపేట వెళ్ళొస్తుంటారు. ఇంకో నలుగురైదుగురు చేరారు. జనం చేరితే నాకు క్లాసులో ఉన్నట్టే ఉంటుంది. గొంతు సవరించుకున్నాను.

సంచీ విప్పక్కర్లేదు, మనిషి ఎలాంటివాడో నేనే చెప్పగలనని సెక్రటరీ గారితో అన్నాను. వేళ్ళు మడుస్తూ మొదలెట్టాను. ఒంటరి మనిషి. ఊరికి కొత్తయి ఉండాలి, ఇక్కడి పద్ధతులు తెలీవు. వంట రాదు, ఉప్మా కూడా మాడ్చేస్తాడు. ఎప్పుడూ జలుబే. అని చెప్పి, తుమ్మాను.

సెక్రటరీ గారు నా వైపు చూశారు. బండి అతను చూశాడు. నేను జేబురుమాలు తీసుకుని, చదువుకున్నవాడైతే అస్సలు కాదు అని కూడా చేర్చాను.

"ఒకసారి విప్పుదావండి సార్. అడ్రస్ ఉన్న కాయితం ఏదైనా దొరుకుద్దేమో" అన్నారు సెక్రటరీ గారు.

బండి అతను ముడి విప్పాడు. అన్నిటికంటే పైన, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితాలు రెండు ఉన్నాయి. నలిగిన కాగితాల్ని ఎవరో చేత్తో సాపు చేసి, జాగ్రత్తగా మడిచి పెట్టినట్టున్నాయి. సెక్రటరీ గారు ఒకటి విప్పి చదవడం మొదలెట్టారు.

"గౌరవనీయులైన పంచాయతీ సెక్రటరీ గారికి. సదరు వ్యక్తి తన చెత్తను తానే గుర్తించలేని స్థితిలో ఉన్నాడో, లేక గుర్తించీ సిగ్గుపడని స్థితిలో ఉన్నాడో తెలియరాకున్నది..."

చదవడం ఆగిపోయింది. కింద నా సంతకం ఉంది. సంతకం పక్కన నా హోదా కూడా రాశాను, లెక్చరర్ ఇన్ సివిక్స్ అని.

ఎవరూ నవ్వలేదు. గోదావరి జిల్లాలో ఇదొక చిక్కు. నవ్వేస్తే మనమూ నవ్వేసి బయటపడొచ్చు. వాళ్ళు మన మర్యాద కాపాడతారు. అందరూ ఒక్కసారి కొబ్బరి చెట్ల వైపు చూశారు. బండి అతను ఈలని చొక్కాతో తుడుచుకున్నాడు.

అప్పుడు మంగతాయారు గారు నెమ్మదిగా ముందుకొచ్చారు. "మేష్టారూ, ఏవీ అనుకోకండి. ఆ రేవు గేటు మాదండి. తమరు సాయంత్రం పెడతన్నారు, కుక్కలొచ్చి మెట్లనిండా లాగేత్తన్నాయి. అన్నీ ఏరి రెండు వారాలు నేనే బండికిచ్చేనండి. ఈ వారం మూటకట్టి, తమరి గుమ్మంలో పెడతన్నానండి."

ఆవిడ పొద్దున్నే ఆ మెట్ల మీద కూర్చుని కాలవకి పసుపూ కుంకుమా వేస్తారట. నేను ఆ మెట్ల మీద మూడు వారాలుగా ఉప్మా వేస్తున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

"కొత్తగా వచ్చేరు కదండీ. చెత్త గురించి మాటాడితే ఏం బాగుంటాది? ముడి విప్పి చూత్తే తమరికే తెలుత్తాదనుకున్నాను. అయినా ఓనరు గారు ఆ రోజు చెప్పేరు కదండీ, పెరటి గేటు దగ్గర పెట్టకండి, అది మంగతాయారు గారిదీ అని. నేను గోడ పక్కనే ఉన్నాను. తమరు ఆయ్ అన్నారు."

అన్నాను. నిజమే.

ఇంత జరిగినా ఆవిడ ముఖంలో కోపం లేదు. ఇవాళ్టి సంచీ మాత్రం ఒక్కదాన్నే మొయ్యలేకపోయానని, మా ఆయనా నేనూ చెరో కొస పట్టుకొచ్చామని చెప్పారు. అది కూడా ఆలస్యమైనందుకు క్షమాపణ అడుగుతున్నట్టుగా చెప్పారు. పాతిక కేజీల పైమాటే. అందులో సగం సోమవారం నుంచి మా రెండిళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న సరుకు.

ఆ కాగితాలు కూడా మీరే మడిచారా అని అడిగాను. "ఆయ్. ముఖ్యమైనవేమో, పొరపాట్న పడేసేరేమో అని పైన పెట్టేనండి. చదివేను కూడాను. ఎవడో ఎదవ మా మేష్టార్ని ఎంత ఏడిపిత్తన్నాడో అని మా ఆయనా నేనూ రాత్రి అన్నం దగ్గర బాధపడ్డామండి."

ఇల్లు పోయినట్టేనని నిశ్చయించుకున్నాను. మాట వచ్చింది, అదీ పంచాయతీ దాకా వచ్చింది. ఖాళీ చెయ్యాలి, కిటికీ వదులుకోవాలి. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. సెక్రటరీ గారేమో ఫిర్యాదు కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, ఇది ఆఫీసులో ఎక్కించలేదు సార్ అన్నారు. బండి అతను గోనెసంచీ ఎత్తి బండిలో పడేశాడు. మంగతాయారు గారు ఆ అరటినార మాత్రం తీసి దులిపి, చేతికి చుట్టుకుని లోపలికి వెళ్ళారు.

పది నిమిషాల్లో మళ్ళీ వచ్చారు, స్టీలు గిన్నెలో ఉప్మాతో. మాడలేదు. "ఓనరు గారికి ఇయ్యన్నీ ఎందుకండీ" అని మాత్రం అన్నారు. నేను ఆ గిన్నె పట్టుకుని కిటికీ తెరిచి కూర్చున్నాను. వాసన పోయింది. కాలవ ఎక్కడిదక్కడే ఉంది. వారం రోజులుగా నాకు ఈ ఊళ్ళో ఒక స్నేహితుడు ఉన్నాడనుకున్నాను కదా, ఆ మనిషి ఆ పొద్దున్నే గోనెసంచీలో వెళ్ళిపోయాడు. కొంచెం దిగులేసింది. అయితే ఆ ముడి వేసిన చెయ్యి ఉంది కదా, గోడ పక్కనే.

ఆ సాయంత్రం ఓనరు గారు ఫోన్ చేశారు. ఇక అయిపోయిందనుకున్నాను. కానీ ఆయనకి ఏమీ తెలీదు. వచ్చే వారం ఏదో పని ఉందని, ఎవరో వస్తారని, నేను ఏదో చెయ్యాలనో చెయ్యకూడదనో చెబుతున్నారు. ఈసారి ఒక్క అక్షరం పోనివ్వకూడదని పెన్నూ కాగితం కూడా తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు తీగ మీద నీలంగా ఏదో వాలింది.

"విన్నారా మేష్టారూ?" అన్నారు ఓనరు గారు.

"ఆయ్" అన్నాను.