ఏడుపు గది తాళం

మా మేనత్త మఠకన్య. కేథలిక్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. నేను అదే బడిలో డ్రాయింగ్ టీచర్ని. పిల్లల ముందు "సిస్టర్" అని పిలవాలి, వేసవి సెలవుల్లో మాత్రం "అత్తా" అనొచ్చు. అందుకే నాకు వేసవి ఇష్టం. మిగతా రోజుల్లో ఆవిడ కోపం ముక్కు మీదే ఉంటుంది.

సెలవులివ్వగానే టీచర్లందరూ ఊళ్ళు పట్టుకుపోతారు. అత్త చీపురు పట్టుకుంటుంది. నన్నూ పట్టుకుంటుంది. బల్లల కింద పిల్లలు అంటించిన చూయింగ్‌గమ్ గీకడం నా వంతు. గోడ మీది సిలువ దించి, వెనక సాలెగూడు దులిపి, మళ్ళీ తగిలించడం ఆవిడ వంతు. నేను తగిలిస్తే వంకరగా ఉండి ప్రభువుకి మెడ పట్టేస్తుందట.

గదులకు ఆవిడే పేర్లు పెట్టింది. లైబ్రరీ గుసగుసల గది, సైన్సు ల్యాబు కంపు గది. ఆరో తరగతి ఏడుపు గది. కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు అక్కడే ఏడుస్తారు. వాళ్ళ కోసం ఆ గది అలమరాలో పిప్పరమెంట్ల డబ్బా దాస్తుంది. ఏడ్చినవాళ్ళకి తలా ఒకటి. "రెండిస్తే అలవాటు పడతారు" అనేది. బడి మొత్తానికీ ఆ పేర్లే ఖాయమైపోయాయి.

ఈ వేసవిలో ఆవిడకో బెంగ పట్టుకుంది. వాళ్ళ మఠంలో బదిలీలు ఎండాకాలంలోనే వస్తాయి. కబురు రాగానే ఒక్క పెట్టె సర్దుకుని కదలాలి, ఎందుకని అడగకూడదు. ఈసారి తన వంతని తెలిసి, జీవితంలో మొదటిసారి పెద్ద మదర్‌ని అడిగింది, ఇంకొక్క ఏడాది ఇక్కడే ఉండనివ్వమని. జవాబు ఇంకా రాలేదు.

ఏడుపు గదికి సున్నం వేస్తుండగా నేనే కదిలించాను.

"అంత ఉండాలనుంటే ఇంకోసారి గట్టిగా అడగొచ్చుగా అత్తా?"

"ఒకసారి అడిగినందుకే సిగ్గుగా ఉందే. నాదంటూ ఏదీ ఉంచుకోనని మాటిచ్చినదాన్ని. ఇప్పుడు చూడు, బడి నాది, పిల్లలు నావాళ్ళు. ఆఖరికి ఈ చీపురు కూడా నాదే అంటున్నా."

"చీపురు నాకిచ్చెయ్, ఆ భారమైనా తగ్గుతుంది."

"నీ చేతికా? ఇంకేమన్నా ఉందా!"

అంతలో ఆఫీసులో ఫోను మోగింది. వెళ్ళి, "సరే మదర్, సరే మదర్" అనడం నాకు వినిపించింది. తిరిగొచ్చి, కుంచె అందుకుని మిగిలిన గోడ పూర్తి చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకుని..."

"చాకిరీ అనకు. ఇష్టపడి చేశాను. వచ్చిన చిక్కంతా అదే."

ఆ మధ్యాహ్నం తన నడుముకుండే తాళాల గుత్తి విప్పి, వచ్చే సిస్టర్ కోసం ఒక్కో తాళంచెవికీ అట్టముక్క కట్టి పేరు రాసింది. తీసి చూస్తే ఒకదాని మీద కంపు గది, ఒకదాని మీద ఏడుపు గది! అలవాటు కొద్దీ అవే రాసేసింది. నేను పడీ పడీ నవ్వాను. ఆవిడా నవ్వింది, కానీ చెరపలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

బడి తెరవకముందే వెళ్ళిపోయింది. సాగనంపడాలూ దండలూ వద్దంది. బస్సెక్కాక కూడా చేత్తో నడుము దగ్గర తడుముకోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

బడి తెరిచిన రోజు కొత్త సిస్టర్ వరండాలో గుత్తి పట్టుకుని అట్టముక్కలు చదువుతూ తెల్లమొహం వేసింది. నా ఈడుదే ఉంటుంది. పదో తరగతి పిల్ల ఒకతి గుత్తి అందుకుని, "రండి సిస్టర్, నేను చూపిస్తా" అంటూ ఒక్కో గదీ తెరిచింది.

మధ్యాహ్నం అటుగా వెళ్తూ ఏడుపు గదిలోకి తొంగిచూశాను. పిల్లలు మైదానంలో ఉన్నారు. ఆఖరి బల్ల మీద కొత్త సిస్టర్ ఒక్కతే కూర్చుని, ముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఈవిడా మొన్నటిదాకా ఎక్కడో ఒక బడిని నాదే అనుకుని ఉంటుంది. నేను అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం అత్త ఫోను చేసింది.

"ఏడుపు గదిలో ఎవరైనా ఏడ్చారా?"

"పిల్లలు కాదు. కొత్త సిస్టర్."



"పిప్పరమెంటు ఇచ్చావా?"

"హెడ్‌మిస్ట్రెస్‌కా!"

"ఇవ్వవే. రెండివ్వు."