రెండు గుండెల చప్పుడు

అరవైల చివర్లో సంగతి. నా రెండో కానుపు నాటికి మేము గుంతకల్లులో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా ఆయనకు లోకో షెడ్డులో పని. నాకు అమ్మ లేదు కాబట్టి మొదటి కానుపు అత్తగారి ఊళ్లోనే, విడపనకల్లు పక్కన, మంత్రసాని చేతుల మీద జరిగింది. కొడుకు పుట్టాడు, ఏ ఇబ్బందీ లేదు. ఆ ధైర్యంతోనే అత్త రెండోసారీ నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. మంత్రసానిని కూడా వెంటబెట్టుకుని బస్సు దిగింది.

గడపలో నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"ఏమే, ఇంత కడుపేందే? ఇంకా నెలలుండాయి కదే! ఇట్లయితే ఈ వాకిట్లో పట్టి బయటికి వస్తావా నువ్వు?" అంది అత్త.

మంత్రసాని నన్ను చాప మీద పడుకోబెట్టి, చేతులకు ఆముదం రాసుకుని కడుపంతా తడిమింది. "బిడ్డ ఒకటే అక్కా. ఉమ్మనీరు శానా ఉండాది, అంతే," అని తేల్చేసింది.

నాకేమో పైన ఒకరు, కింద ఒకరు తన్నుతున్నట్టుగా ఉండేది. ఆ మాటంటే అత్త నవ్వింది. "బిడ్డకు కాళ్లు రెండుండవా? చేతులు రెండుండవా? అన్నీ ఒకే తావున పెట్టుకోనుంటాదా?"

మా ఆయన మాత్రం ఒకసారి ఆస్పత్రిలో చూపించాకే ఊరికి పంపుతానని పట్టుబట్టాడు. మరునాడు నలుగురం జట్కా ఎక్కాం. మంత్రసాని కూడా వచ్చింది. ఆమెకు ఆస్పత్రి చూడాలని ఎప్పటినుంచో ఉందట.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడేది. కొయ్యతో చేసిన చిన్న బాకాలాంటిది నా పొట్టకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి విన్నది. ఆ కొసను పైకీ కిందికీ జరిపి మళ్లీ విన్నది. తర్వాత నర్సును పిలిచి ఆమె చేతికి ఇంకో బాకా ఇచ్చింది.

"నువ్వు అటు విను, నేను ఇటు వింటాను. చప్పుడు వినపడినట్టే వేలితో కొట్టు," అంది.

ఇద్దరూ చెరో వైపు వంగి, కళ్లు మూసుకుని గాలిలో వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు. నేను వెల్లకిలా పడుకుని ఆ వేళ్లనే చూస్తున్నాను. కాసేపు కలిసే ఆడాయి. అంతలోనే నర్సు వేలు ముందుకు పోయింది, డాక్టరమ్మది వెనకబడింది. మళ్లీ కలవలేదు. డాక్టరమ్మ తల ఎత్తి నవ్వింది.

"రెండు గుండెలమ్మా. ఒకటే అయితే మా ఇద్దరి వేళ్లూ ఇలా విడిపోవు."

అత్త నమ్మలేదు. "నాకూ ఇయ్యమ్మా దాన్ని," అని బాకా లాక్కుని చెవి పెట్టింది. గదిలో అందరినీ చేత్తోనే ఊరుకోమంది. చాలాసేపటికి తల ఎత్తింది. "ఏందో గడియారం మాదిరి కొట్టుకుంటాండాది. అది దీని గుండె కాదా?"

ఎక్స్‌రే తీద్దామన్నది డాక్టరమ్మ. ఇప్పుడు గర్భిణికి ఎక్స్‌రే అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ రోజుల్లో కడుపులోకి చూడడానికి మా ఊళ్లో ఇంకో దారి లేదు. "విదేశాల్లో శబ్దం పంపి కడుపులో బిడ్డ బొమ్మ చూసే యంత్రం వచ్చిందట. ఇక్కడికి ఎప్పుడొస్తుందో," అని డాక్టరమ్మ అంటే అత్త నోరు నొక్కుకుంది.

"శబ్దానికి కండ్లుంటాయా తల్లీ!"

ఫిల్ము ఆరేదాకా వరండాలో కూర్చుని, తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని తిన్నాం. తర్వాత డాక్టరమ్మ పిలిచి, కిటికీ వెలుతురుకు ఫిల్ము అడ్డం పెట్టింది. మొదట నాకు మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె వేలు పెట్టి చూపిస్తే రెండు వెన్నెముకలు కనపడ్డాయి. వంకర తిరిగిన రెండు చింతకాయల్లా ఉన్నాయి. ఒకరి తల కిందికి, ఇంకొకరి తల పైకి. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, నవ్వూ వచ్చింది.

"ఆడపిల్లలా, మగపిల్లలా?" అంది అత్త వెంటనే.

"ఎముకల్ని చూసి అది చెప్పలేమండీ."

"ఇంత పెద్ద మిషన్ పెట్టుకోని అదొక్కటీ తెలీదా!"

మంత్రసాని మాత్రం ఫిల్ముకు ముఖం ఆనించి, పైన ఉన్న తలనే చూస్తోంది. ఆమె నవ్వడం లేదు. "అక్కా, నా చేతికి ఇది దొరకలేదు. రెండోది కాళ్లతో వస్తాది. ఊర్లో వద్దు. ఈడే ఉండనీ," అంది. ఆమె అంత మాటన్నాక అత్త నన్ను తీసుకుపోయే ఆలోచన మానుకుంది. బస్సెక్కి ఊరికి పోయి, మూటా ముల్లె తెచ్చుకుని మా క్వార్టర్సులోనే దిగిపోయింది.

నొప్పులు వచ్చిన పొద్దున అందరం ఆస్పత్రిలోనే ఉన్నాం. మొదటి పిల్ల సులువుగానే పుట్టి గట్టిగా ఏడ్చింది. రెండోది నిజంగానే కాళ్లతో వచ్చింది. డాక్టరమ్మ, నర్సు మాటలాపి పని చేస్తున్నారు. పిల్ల బయటికి వచ్చింది గానీ చప్పుడు లేదు. నాకు గోడ మీది బల్లి తప్ప ఏమీ కనపడని క్షణాలవి. డాక్టరమ్మ పిల్ల నోరు తుడిచి, వీపు రుద్ది, అరికాళ్ల మీద తట్టింది. పిల్లిపిల్ల అరిచినట్టు చిన్న కూత వినిపించింది. తర్వాత అక్క కంటే గట్టిగా అందుకుంది.

ఇద్దరూ ఆడపిల్లలే. అత్త ఏమంటుందోనని బెదురుతూ చూశాను. ఆమె ఇద్దరినీ చెరో చేతిలో పెట్టుకుని బరువు చూసింది. "కాళ్లతో వచ్చినదే బరువుండాది. ఇది నా మాదిరి మొండిది," అని తేల్చింది.

నెల తిరక్కముందే మంత్రసాని కబురు లేకుండా దిగింది. ఆమె, అత్త పెరట్లో రెండు పీటలు వేసుకుని, కాళ్లు చాచి, చెరొక పిల్లను కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పోసేవాళ్లు. నా పిల్ల మెరుస్తాండాదంటే నా పిల్ల మెరుస్తాండాదని వాదులాడుకునేవాళ్లు. పెరటి గోడ అవతల నుంచి లోకో షెడ్డు వాళ్లు చూసి నవ్వేవాళ్లు. పిల్లలిద్దరూ ఆ నీళ్లలో ఒకేసారి రాగం తీసేవాళ్లు.