మదుము మేకు

ఒక కొయ్యమేకు బరువెంత ఉంటుంది? చేతిలో పట్టుకుంటే చెంబుడు నీళ్లంత కూడా ఉండదు. దాన్నే నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు ప్రభువుకి చెప్పుకున్నాను, నిజమే. దేవుడికి చెప్పుకోవడం సులువు. ఆయనకి మా కొండవాగు గెడ్డ పక్కన మడి లేదు. మనిషికి చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను.

ముందే ఒక మాట. నా మీద జాలిపడకండి. ఆ మదుము విరగ్గొట్టినందుకు నాకు బాధ లేదు. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ విరగ్గొడతాను. నా బాధ వేరు.

మాది ముంచింగిపుట్టు దాటి, జీపు ఆగిపోయిన చోటు నుంచి ఇంకాస్త కొండెక్కితే వచ్చే ఊరు. గెడ్డకి అడ్డంగా పాతకాలపు రాతికట్ట, దాని మధ్యలో నీళ్లు వదిలే మదుము. ఇనప తలుపు అనుకునేరు. గుగ్గిలం చెట్టు చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన కొయ్యమేకు దిగ్గొట్టి బిగించేవారు. సందుల్లో గడ్డీ బంకమన్నూ కూరేవారు. పలకలు నీటిని ఆపితేనే అది పైకి లేచి కాలవెక్కుతుంది. ఆ పలకలు పుచ్చిపోయాయి. కారిపోయింది కారిపోగా మిగిలింది పైవీధి మడులకే చాలీచాలకుండా ఉండేది. కాలవ చిట్టచివర మా మడి. నాన్న కొండవాలులో రాయి మీద రాయి పేర్చి కట్టిన మడి అది. ఆయన పోయాక ఏటా నాట్లు ఎండిపోతుంటే, ఇంక వరి మానేసి చోళ్లు, అదే రాగులు, చల్లేద్దామంది అమ్మ. ఎలా మానేస్తాను? ఆ గట్లలో నాన్న ఉన్నాడు.

కొత్త షట్టరు కోసం పాడేరుకి తిరిగి తిరిగి చెప్పులరిగాయి. చివరికి ఇంజనీరుగారు ఒకాయన వచ్చి చూశారు. "పనిచేస్తున్నదాన్ని మార్చడానికి మంజూరు రాదమ్మా. పూర్తిగా పోనీ, అప్పుడు చూద్దాం" అన్నారు. పోనీ అన్నది ఆయన. నేను విన్నాను. అంతే కదా?

మదుము చూసుకునేది ఒక తాత. తరతరాలుగా ఆ ఇంటివాళ్లదే ఆ పని. విత్తనాల పండగకి ఇంటికో కోడి ఇవ్వాలి. తాత మదుము దగ్గర బియ్యం గింజలు పోస్తాడు, కోడి వాటిని తిందంటే గెడ్డ దేవత ఒప్పుకున్నట్టు, అప్పుడు దాన్ని అక్కడే కోస్తాడు. కోడి ఇవ్వని ఇంటికి నీటి వంతు లేదు. కిందివీధిలో మేం కొందరం చర్చికి వెళ్లడం మొదలుపెట్టాక, కోడి ఇవ్వకూడదని మావాళ్లు, మీ కోడి మాకొద్దని పైవీధివాళ్లు. రెంటికీ చెడ్డ రేవడిలా అయింది మా పని. అమ్మ ఎవరికీ చెప్పకుండా తాత పెరట్లో కోడిని వదిలేసి వచ్చేది. తాత దాన్ని తన కోళ్లలో కలిపేసి, మా వంతు నిలబెట్టేవాడు. ఏ ఒక్కరోజూ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి మనిషికి నేను చేసింది వినండి.

సంతరోజు. ఊరంతా సంతకి పోయింది. ముసురు పట్టి కట్ట నిండుగా ఉంది. రాయి తీసుకుని మేకుని అటూ ఇటూ కొట్టి పీకేశాను. పైపలకలు రెండు ఊడితే చాలు, పోయిందని చూపించడానికి పనికొస్తాయనుకున్నాను. కానీ మన్ను వెనక చెక్కే మిగల్లేదు. మదుము మొత్తం ఒక్కసారే పోయింది. నీళ్లు రాళ్లనీ ఇసకనీ మోసుకెళ్లి, కట్ట కిందున్న మడిలో దిబ్బ పోశాయి. అది తాత మడి. అక్కడుందని నాకు తెలియదా? రోజూ దాని గట్టు మీదే నడుస్తాను. ఆ క్షణంలో గుర్తు రాలేదా, గుర్తొచ్చీ ఆగలేదా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒక్కలాంటి జవాబు రాదు.

ఊరు కూర్చుంది. తాత చర్చివాళ్ల కోడిని కోశాడు, అందుకే దేవతకి కోపమొచ్చిందన్నారు. అమ్మ ఆయన పెరట్లో కోడిని వదలడం ఎవరో చూశారట. తాత కాదనలేదు. మదుము పని ఆయన చేతిలోంచి తీసేశారు. తన కోడి వల్లే ఇదంతా అని అమ్మ ఏడ్చింది. అమ్మకి కూడా చెప్పలేదు నేను.

విరిగింది కాబట్టి మంజూరైంది. ఇనప షట్టరు వచ్చింది, తిప్పడానికి చక్రంతో సహా. కాలవ చివరిదాకా నీళ్లు పారాయి. ఈవేళ కిందివీధిలో వరి పండించుకునే ప్రతి ఇల్లూ నా పాపం తింటోంది. తిననీ. కడుపు నిండుతోందిగా!

షట్టరు వచ్చిన ఏడు నాట్లప్పుడు తాత మా గట్టు మీదికి వచ్చాడు. పంచె మడతలోంచి, నేను పీకి పారేసిన మేకు తీసి నా ముందు పెట్టాడు. దాని తల మీద రాతి దెబ్బలు.

"ఏటే గుంటా, నీ మడికి నీరొచ్చినాదా?"

"వచ్చింది తాతా."

"మరైతే సాల్లే."

అంతే, వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టొచ్చు కదా? ఊళ్లో నిలబెట్టి అడగొచ్చు కదా? నన్ను కాపాడమని నేనడిగానా? ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. కోపం ఆయన మీదో నా మీదో మాత్రం అడక్కండి.

ఆ ఇసక మడి మళ్లీ మడి కాలేదు. తాత ఊళ్లోవాళ్ల కాఫీ తోటల్లో కూలికి పళ్లు కోసి బతికి, పోయిన వానాకాలం పోయాడు. ఈసారి పండగకి మదుము దగ్గర కోడిని తాను పడతానని ఆయన కొడుకు ముందుకొచ్చాడు. పెద్దలు వద్దన్నారు. "ఆ ఇంటి సెయ్యి మంచిది కాదు" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నోట్లో నాలుక ఉంది. కదల్లేదు.

అదీ నా తప్పు. మదుము కాదు.

మేకు మా పొయ్యి పక్క గూట్లో ఉంది. చాలాసార్లు పొయ్యిలో పెట్టబోయాను, చెయ్యి రాలేదు. ఇది చదివి మీరేమనుకున్నా పరవాలేదు, క్షమించమని అడగడం లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ ఇంటి చెయ్యి మంచిదే. మా అమ్మ కోడి కూడా మంచిదే. మేకు పీకింది నేను.