ఇచ్చోడలో అల్లిన దుబాయ్ టోపీ

ఆ రోజుల్లో నాకు నడుం వంచడం తెలియదు. కింద పడ్డ పెన్ను తీసుకోవాలన్నా కూర్చుని తీసుకునేవాణ్ణి గాని వంగేవాణ్ణి కాదు. కరీంనగర్ దగ్గర మా గడి గోడలు కూలిపోయి, మిగిలిన దర్వాజాను కూడా ఎవరో పట్టుకుపోయినా, దొర మనుమణ్ణన్న సంగతి నేను మాత్రం మరిచిపోలేదు. డిగ్రీ అయ్యాక ఇచ్చోడలో ఒక ప్రైవేటు బడిలో పంతులు పని దొరికితే, అక్క వాళ్లింట్లో ఉండేవాణ్ణి. నా పెట్టెలో రెండు జతల బట్టలు, మా తాత షేర్వానీ ఉండేవి. (దాని చేతులు నా వేళ్లు దాటి వేలాడేవి. అయినా దొర మనుమడు షేర్వానీ లేకుండా ఊరు దాటడమేమిటని తెచ్చుకున్నాను.) నిజాం దర్బారుకు పోవడానికి తాత కుట్టించుకున్నదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. కాలర్ లోపల ఒక గుడ్డ ముక్క మీద జరీ దారంతో ఉర్దూలో రెండు వరుసల రాత ఉండేది. తాతకు ఉర్దూ వచ్చు. నాకు ఒక్క అక్షరం రాదు.

అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. అందరూ ‘హీరోయిన్’ అనేవాళ్లం. రిబ్బను చెప్పుల రంగుకు కలవకపోతే బడి ఆటో ఎక్కేది కాదు. ఏటా చలికాలం దానికి చెవిపోటు వచ్చేది. ఆ ఏడు చీము కూడా కారింది. మళ్లీ ఇట్లా అయితే వినికిడికే ముప్పని, చెవులు కప్పి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాని మంకీ క్యాప్ పెడితే విసిరికొట్టేది, మఫ్లర్ కడితే ఆటోలోంచి జారవిడిచేది. అవి ముసలోళ్లవట. వాళ్ల క్లాసులో ఒక పిల్లకు వాళ్ల బాపు దుబాయ్ నుంచి తెచ్చిన టోపీ ఉందట, దాని వెనక అరబ్బీలో కంపెనీ పేరు ఉంటుందట, అట్లాంటిదైతేనే పెట్టుకుంటుందట. అక్క తల పట్టుకుని కూర్చుంటే నేను ఛాతీ విరుచుకుని, “మేనమామను నేనుండంగ ఫికర్ ఎందుకక్కా? దుబాయ్ నుంచే తెప్పిస్త” అన్నాను.

దుబాయ్‌లో నాకు ఎవరూ లేరు. వీధిలో సగం ఇళ్లకు ఉన్నారు గాని, ఒకరిని అడగడం మా వంశంలో లేదు. అందుకని బస్టాండు వెనక అందరూ ఖాలా (పిన్ని) అని పిలిచే ఊలు దుకాణం ఆమె దగ్గరికి పోయి, మా అక్కకు నేర్పడానికని అబద్ధమాడి అల్లిక నేర్చుకున్నాను. ఆమె రెండో రోజే కనిపెట్టింది. “నీ మీసాలకు ఊలు అంటింది. మీ అక్కకు కూడా మీసాలున్నయా బేటా?” అంది. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇచ్చింది.

డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున అల్లేవాణ్ణి. అల్లిక కంటే నడకే ఎక్కువ. నాలుగు ఫందాలు (సూది మీది ముడిని ఖాలా అట్లా అనేది) వేసి, ఎవరైనా వస్తున్నారేమోనని మెట్ల దాకా పోయి చూసి, తిరిగొచ్చి లెక్క మరిచిపోయి, అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. మొదటి టోపీ కొబ్బరికాయకు సరిపోయింది. రెండోది నాకే మెడ దాకా దిగింది. కిందికి దిగగానే హీరోయిన్ “ఇమానం వచ్చిందా మామా?” అని అడిగేది. ఒకనాడు అది చెవి పట్టుకుని బడి మధ్యలోనే ఇంటికొచ్చింది. రెండు రోజులు లీవు పెట్టి మూడో టోపీ పూర్తిచేశాను. మరి అరబ్బీ రాత? పెట్టె తెరిచి, తాతకు మనసులో దండం పెట్టుకుని, షేర్వానీ కాలర్‌లోని ముక్కను బ్లేడుతో విడదీసి టోపీ వెనక కుట్టాను. ఎట్లాగూ ఉర్దూ, అరబ్బీ రెండూ కుడి నుంచి ఎడమకే రాస్తారు కదా.

హీరోయిన్ అద్దం ముందు నుంచి కదల్లేదు. పది రోజులు టోపీ తల దిగలేదు, చెవిపోటు రాలేదు. పదకొండో రోజు అదే రంగు గ్లౌజులు కావాలని నన్ను ఖాలా దుకాణానికే లాక్కుపోయింది. ఖాలా టోపీని గుర్తుపట్టింది. మాట ఇచ్చింది కనుక పెదవి విప్పలేదు. కాని ఆ రాత సంగతి నేనామెకు చెప్పి ఉండలేదు. పిల్ల వెనక్కి తిరిగి నిలబడి, “గీ టోపీ కంపెనీ పేరేంది ఖాలా? జర సదువు” అంది.

ఖాలా కళ్లద్దాలు పెట్టుకుని, దుకాణంలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకూ వినబడేలా చదివింది. “పెండ్లి షేర్వానీలు కిరాయికి దొరుకును, కరీంనగర్.” ఇంకా దగ్గరికి వంగి రెండో వరుస చూసింది. “మూడు దినాలల్ల వాపస్ ఇయ్యాలె.”

మా తాత వాపస్ ఇవ్వలేదు.

“అయితే దుబాయ్‌ది కాదా?” అంది హీరోయిన్. దాని చెయ్యి టోపీ మీదికి పోయింది. ఒకసారి తీసిందంటే మళ్లీ పెట్టదు. బయట ఈదర గాలి కొడుతోంది. దర్బారు పోయింది, షేర్వానీ పోయింది, నాదని చెప్పుకోవడానికి ఇక ఒక్కటే మిగిలింది.

“గా ముక్కనే కిరాయిది బిడ్డా. టోపీ కిరాయిది కాదు. నేనే అల్లిన.”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. హీరోయిన్ నవ్వలేదు. నా వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “మా క్లాసుల ఎవ్వళ్ల మామకు రాదు గిది” అంది. తరవాత, “గా ముక్క పీకెయ్ మామా. గులాబీ కుచ్చు పెట్టు” అంది.

ఆ చలికాలం ఏడు టోపీలు అల్లాను. దుబాయ్ టోపీ పిల్ల కూడా ఒకటి అడిగి చేయించుకుంది. హీరోయిన్ ఇప్పుడు కరీంనగర్‌లో బట్టల దుకాణం నడుపుతోంది. పక్క గదిలో దాని గురించి గుసగుసలాడినా వినబడుతుంది. కొత్తవాళ్లు మాది ఏ వంశమని అడిగితే నేను ఇప్పటికీ గడితోనే మొదలుపెడతాను గాని, రెండో మాటకే టోపీల దగ్గరికి వచ్చేస్తాను. అప్పుడల్లా ట్యాంకు చాటున సూదులు దాచుకుని మెట్ల వైపు చూస్తున్న ఆ దొర మనుమడు కనబడతాడు. ఒక్కసారి వాడి పక్కకు పోయి, “కూసో తమ్మీ, ఎవ్వరూ వస్తలేరు” అని చెప్పాలనిపిస్తుంది.